ఈమ్ ఊరంతా చచ్చిపోలేదు

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండల మధ్య ఈమ్ అనే చిన్న పల్లె ఉంది. దాని గురించి తిరిగే కథ ఇది: 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు వచ్చింది, ఊరివాళ్లు ఒక్కరూ గడప దాటకుండా ఉండిపోయి అందరూ చచ్చిపోయారు, మన పిల్లలు పాడే రింగా రింగా రోజెస్ ఆ ప్లేగు పాటే.

బట్టల మూట మాట ఊళ్లో తరతరాలుగా చెప్పుకునేదే. మూట విప్పిన దర్జీ పనివాడు జార్జ్ వికర్స్ 1665 సెప్టెంబరులో పోయాడు. మిగతా మూడూ తప్పు.

పాట సంగతి ముందు. అది ఇంగ్లండ్‌లో అచ్చయింది 1881లో, అంటే ప్లేగు వచ్చిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక. ఇంగ్లిషు పాటలో వచ్చే తుమ్ము ప్లేగు లక్షణం అంటారు గానీ, పాట పాత రూపాలు చాలావాటిలో తుమ్మే లేదు. మన పిల్లలు పాడే “హుషా బుషా”లో ఉందా?

ఒక్కరూ కదల్లేదన్నదీ నిజం కాదు. ఎవరూ ఊరు దాటకూడదన్న కట్టడి మొదలైంది 1666 జూన్‌లో. పాస్టరు విలియం మాంపెసన్ అంతకుముందే తన పిల్లలిద్దరినీ ఊరు దాటించాడు. భార్య కేథరీన్ మాత్రం ఆయన్ని వదిలి వెళ్లనంది. ఆగస్టులో ఆమెను ప్లేగు తీసుకుపోయింది. చర్చి ఆవరణలో ఆమె సమాధి ఇప్పటికీ ఉంది. ఆ కట్టడి ఆయనొక్కడి వల్ల అయిందీ కాదు. పాత పాస్టరు థామస్ స్టాన్లీ మాట కలపబట్టే జనం ఒప్పుకున్నారు. ఊరి పొలిమేర రాయికి గుంటలు కనిపిస్తాయి. రోగం అంటకుండా వాటిలో వెనిగర్ పోసి ఈమ్‌వాళ్లు నాణేలు వేసేవాళ్లు, పక్క ఊరివాళ్లు సరుకులు పెట్టి డబ్బు తీసుకెళ్లేవాళ్లు.

ఇక “అందరూ చచ్చిపోయారు” అన్నమాట. ఇదే నాకు ఎక్కువ బాధ. ఊరి లెక్క ప్రకారం పోయింది 260 మంది. మొత్తం జనాభా 350 అని పాత లెక్క, 700 దగ్గర అని తర్వాతి పరిశోధకుల లెక్క. ఏది తీసుకున్నా బతికినవాళ్లున్నారు. వాళ్లలో ఎలిజబెత్ హాంకాక్ ఒకరు. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు బిడ్డల్నీ తన చేతులతోనే పూడ్చుకుంది. పొలంలో రాతిగోడ మధ్య ఆ సమాధులున్నాయి. ఆమె మాత్రం చనిపోలేదు. షెఫీల్డ్‌లో మిగిలిన కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది.