హైదరాబాద్‌లో ఉంటే లెక్క హైదరాబాద్‌లోనే రాయించుకోండి

హైదరాబాద్ జనాభా ఎంత అని అడిగి చూడండి. ఒకరు కోటి అంటారు, ఇంకొకరు కోటిన్నర అంటారు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్తారు. చివరి జనగణన 2011లో జరిగింది. జీహెచ్ఎంసీ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం ఉన్నారని అప్పుడు తేలింది. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి, వాయిదాల మీద వాయిదాలు పడి 2027 మార్చి 1కి చేరింది. ఈలోపు కోకాపేట, నార్సింగి గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇచ్చే రేషన్ కోటా మాత్రం ఇంకా ఆ 2011 లెక్క మీదే నడుస్తోంది!

ఆలస్యం ప్రభుత్వానిదే, అందులో అనుమానం లేదు. కానీ లెక్కలవాళ్లు వచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నాం? 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి సమగ్ర కుటుంబ సర్వే చేస్తుందనగానే, ఊళ్లో పేరు లేకపోతే పథకాలు పోతాయన్న టెన్షన్‌తో సిటీలో సగం మంది బస్సులు పట్టుకుని ఊళ్లకు పోయారా అన్నట్టు రోడ్లన్నీ ఖాళీ అయిపోయాయి. వాళ్లను తప్పుపట్టను, రేషన్ కార్డు ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ భయం ఉంటుంది. కానీ నీళ్లు తాగేది ఇక్కడ, బస్సులో వేలాడేది ఇక్కడ, జ్వరమొస్తే బస్తీ దవాఖానాకు పోయేది ఇక్కడే కదా.

అమీర్‌పేటలో ఏ అపార్ట్‌మెంట్ అయినా చూడండి. సెల్లార్‌లో కరెంటు మీటర్ల పక్కన ఒకే గది, అందులో వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు, పొయ్యి గుమ్మం బయట. పైన పెంట్‌హౌస్‌లో ఒడిశా కుర్రాళ్లు, పొద్దున్నే టిఫిన్ బాక్సులు పట్టుకుని సైటుకు పోతే చీకటి పడ్డాకే వస్తారు. లెక్కలవాళ్లు పదకొండింటికి వచ్చి అడిగితే ఓనర్ "మేం నలుగురం అండీ, మిగతావాళ్ల సంగతి మాకు తెలీదు" అంటాడు. అంతే, ఆ బిల్డింగు లెక్క అక్కడితో అయిపోయింది.

బయటినుంచి రావడం ఈ నగరానికి కొత్తేం కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏసీ గార్డ్స్‌లో ఉన్నారు, సిక్కులకు సిఖ్ ఛావునీ ఉంది, బేగంబజార్ అంటే మార్వాడీలు. వాళ్లందరికీ మాది ఫలానా బస్తీ అని చెప్పుకోవడానికి ఒక చోటుంది. ఇవాళ మన ఫ్లాట్లు కట్టే పాలమూరు మేస్త్రీకి, బీహార్ కూలీకి అది కూడా లేదు. సైటు మారితే రేకుల షెడ్డూ మారుతుంది. కనీసం లెక్కలోనైనా ఉండొద్దా వాళ్లు?

ఓనర్లూ, హాస్టల్ నడిపేవాళ్లూ, దయచేసి మీ కప్పు కింద ఎంతమంది ఉంటే అంతమందినీ చెప్పండి, వాచ్‌మన్ పిల్లలతో సహా. అద్దెకున్నవాళ్లు ఆ నాలుగు రోజులూ పక్కింటివాళ్ల దగ్గర ఫోన్ నంబర్ పెట్టి పనికి పోండి. "మళ్లీ రండి" అని లెక్కలవాళ్లకు చెప్పేవాళ్లు ఒకరైనా ఉండాలి.