పిష్టపేషణ చక్రవర్తి గ్రైండు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్రైండు గారి సముఖమునకు,

బెంగళూరు మారతహళ్ళి నుంచి తమ పాత సేవకురాలు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఆన్‌లైన్ ఆటల్లో ముందుకు కదలాలంటే ఒకే పనిని వందలసార్లు చేయించే తమరు క్షేమంగా ఉన్నారని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కిందటి వారం నేను ఆడే ఆటకు కొత్త ఎక్స్‌పాన్షన్, అంటే ఆటను పొడిగించే కొత్త భాగం, వచ్చింది. కొత్త ఖండం, కొత్త ఆకాశం, ఓడ మీద నిలబడి లోకాల వినాశనం గురించి ఏడు నిమిషాలు ఉపన్యసించిన సేనాపతి, ఇవన్నీ అయ్యాక ఒడ్డున దిగిన నాకు మొట్టమొదట ఎదురుపడినది తమరే. ఆ ఊరి పెద్ద పన్నెండు ఎలుగుబంటి తోళ్ళు తెమ్మన్నాడు. ఆ పన్నెండు తోళ్ళ కోసం నేను నలభై ఒక్క ఎలుగుబంట్లను చంపవలసి వచ్చింది. మిగిలిన ఇరవై తొమ్మిదీ ఒంటి మీద తోలు లేకుండా అడవిలో ఎలా తిరుగుతున్నాయన్న సందేహం నన్ను పదిహేనేళ్ళుగా వేధిస్తూనే ఉంది. ఆట పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక కంపెనీ మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది, తమ సామ్రాజ్యం అంత చిన్నది కాదు.

మా అత్తగారు కర్నూలు నుంచి వచ్చి రెండు నెలలుగా మా దగ్గరే ఉంటున్నారు. రాత్రి భోజనాలయ్యాక నా వెనక కుర్చీ వేసుకుని ఆట చూడడం ఆవిడకు అలవాటయింది. మొన్న నాలుగో రోజున, "నిన్న కూడా ఇవే తోళ్ళు తెచ్చిస్తివి గదమ్మా, వానికి ఇంకా చాలలేదా?" అని అడిగారు. ఇది డైలీ క్వెస్ట్ అనీ, రోజూ చేయాలనీ, అలా మూడు వారాలు చేస్తే ఆ ఊరివాళ్ళకు నా మీద గౌరవం పెరిగి పక్క ఊరికి దారి చూపిస్తారనీ వివరించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి నెలకు ఎంతిస్తారు?" అన్నారు. నెలనెలా డబ్బు కట్టేది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తమరిని మన శాస్త్రకారులు ఏనాడో గుర్తించారు. ఒకసారి పిండి చేసినదాన్నే మళ్ళీ తిరగలిలో వేసి విసరడాన్ని వారు పిష్టపేషణం అన్నారు, దాన్ని ఒక దోషంగా లెక్కగట్టారు. నెలవారీ చందా అనే వ్యాపార పద్ధతి వారి ఎరుకలో లేదు కనుక, అది ఒక ఆదాయ మార్గం కాగలదని ఊహించలేకపోయారు. మా వంటింట్లోనూ ఒక గ్రైండరు ఉంది. అరగంట తిరిగితే నాలుగు రోజుల ఇడ్లీకి సరిపడా పిండి ఇస్తుంది. తమ దగ్గర పదిహేనేళ్ళు తిరిగిన నేను ఒక్క వాయి పిండి కూడా ఇంటికి తెచ్చుకోలేదు.

తమ పూర్వచరిత్ర నాకు తెలియనిది కాదు. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆట కాలంలో తమరు నిలువెత్తు యమధర్మరాజులా ఉండేవారు. ఆటలో చచ్చిపోతే అంతవరకూ కూడబెట్టిన అనుభవంలో కొంత కోసుకునేవారు, ఒంటి మీది సరుకంతా శవం దగ్గరే వదిలించేవారు, ఉత్త చేతులతో పరుగెత్తి తెచ్చుకోమనేవారు. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చినప్పుడు జనం దాన్ని సులభమైన ఆట అని పిలిచారంటే, అంతకుముందు తమరు ఎంత కఠినంగా ఉండేవారో తెలుస్తుంది. ఆ ఆట పరీక్షాదశలో జరిగిన ముచ్చట ఒకటి నాకు చాలా ఇష్టం. ఎక్కువసేపు ఆడేవారికి అనుభవం పాయింట్లను సగానికి తగ్గించే ఏర్పాటు పెట్టగా ఆటగాళ్ళు మండిపడ్డారట. అప్పుడు నిర్మాతలు అంకెలను దాదాపు అలాగే ఉంచి పేర్లు మాత్రం మార్చారు. మామూలుగా వచ్చేదాన్ని విశ్రాంతి తీసుకున్నందుకు రెట్టింపు బహుమానం అన్నారు, తగ్గించి ఇచ్చేదాన్ని మామూలు అన్నారు. జనం సంతోషించి, ఆ విశ్రాంతి కోసం ఆటలోని సత్రాల్లో పడుకోవడం మొదలుపెట్టారు. కత్తి కంటే పేరు పదునైనదని తమరు అప్పుడే గ్రహించి ఉంటారు.

తమరు ఎందుకు పుట్టారో కూడా నాకు అర్థమవుతుంది, ఆ మాటకొస్తే కొంత సానుభూతి కూడా ఉంది. ఒక డంజన్‌ను, అంటే రాక్షసుల గుహను, గీసి, రాళ్ళు పేర్చి, రాక్షసులకు బుద్ధి నేర్పడానికి కంపెనీలో మనుషులకు నెలలు పడుతుంది. దాన్ని మేము ఒక శని ఆదివారాల్లో తినేసి, తరవాతేమిటని అడుగుతాము. ఎక్స్‌పాన్షన్‌కూ ఎక్స్‌పాన్షన్‌కూ మధ్య ఇంచుమించు రెండేళ్ళు గడవాలి. పది మందికి వండిన పప్పుచారును వంద మందికి వడ్డించవలసి వస్తే వంటవాడు ఏం చేస్తాడో వారూ అదే చేస్తారు. ఆ పోసే నీళ్ళు తమరు.

నీళ్ళు పోసినందుకు నాకు కోపం లేదు. ఆ పలచని చారునే ఇష్టంగా తాగేవారు ఉన్నారు, వారిలో నేనూ ఒకతెను. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ఏదైనా ఒక విద్యలో 99వ స్థాయి చేరాలంటే 1,30,34,431 అనుభవం పాయింట్లు కావాలి, 92వ స్థాయి చేరినవాడు అప్పటికి సగం దారిలో ఉంటాడు. ఈ ఆటను ఎవరూ జనం నెత్తిన రుద్దలేదు. 2007 నాటి రూపమే కావాలని ఆటగాళ్ళు ఓట్లు వేసి 2013లో వెనక్కి తెచ్చుకున్నారు. 2019 ఆగస్టులో వార్‌క్రాఫ్ట్ కూడా తన పాత రూపాన్ని క్లాసిక్ పేరుతో మళ్ళీ తెరిచినప్పుడు, సర్వర్లలో చోటు లేక జనం వరసల్లో గంటల తరబడి నిలబడ్డారు. గానుగ విప్పిన ఎద్దులు తిరిగి వచ్చి కాడి కింద తామే మెడలు పెట్టిన దృశ్యం అది.

నా ఫిర్యాదు వేరు. ఎక్స్‌పాన్షన్ వచ్చిన రాత్రి తమరు మా పిండినంతా నేలపాలు చేసి, ఖాళీ తిరగలి మళ్ళీ మా ముందు పెట్టడం గురించి నేను మాట్లాడుతున్నాను. వార్‌క్రాఫ్ట్ మొదటి కాలంలో నలభై మంది కూడి, వారాల తరబడి రాక్షసుల కోటల మీద రెయిడ్లు, అంటే దాడులు, చేసి సంపాదించిన అరుదైన ఊదారంగు ఆయుధాలను, 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ ఎక్స్‌పాన్షన్ వచ్చాక కొత్త లోకపు తొలి మజిలీలో చిల్లర పనులకు ఇచ్చిన మామూలు ఆకుపచ్చ సరుకులు పక్కకు నెట్టాయి. 2016లో లీజియన్ ఎక్స్‌పాన్షన్‌లో ఒక్కొక్కరికి ఒక పురాణాయుధం ఇచ్చి, దానికి రోజూ శక్తి పోసి పెంచమన్నారు. రెండేళ్ళు పోశాక, భూమిలో దిగబడిన ఒక మహాఖడ్గపు విషాన్ని ఆ ఆయుధాల చేతనే పీల్పించి వాటిని నిర్వీర్యం చేశారు. వెంటనే మెడలో ఒక హారం వేసి ఇప్పుడు దీనికి పోయమన్నారు. 2020లో షాడోలాండ్స్ వచ్చేసరికి హారమూ చల్లబడింది, 120వ స్థాయికి చేరినవారు ఒక్క పూటలో 50వ స్థాయికి దిగివచ్చారు. ఇంతగా చాకిరీ చేయించుకుని లెక్కల పుస్తకాన్నే తగలబెట్టే యజమాని మా రాయలసీమ కరువు కాలంలో కూడా ఉండి ఉండడు.

ఇక తమ తమ్ముడుగారు సౌలభ్యం సంగతి. ఆయన మంచివాడనే పేరు తెచ్చుకున్నాడు, అందులో కొంత నిజమూ ఉంది. 2006లో కట్టిన నాక్స్‌రామస్ అనే రెయిడ్‌ను కడదాకా చూసినవారు మొత్తం ఆటగాళ్ళలో బహు కొద్దిమంది. అంత శ్రమపడి కట్టిన కోటను ఎవరూ చూడకపోతే ఎలాగని, 2008లో పది మందితోనూ వెళ్ళగలిగేలా మార్చి మళ్ళీ తెరిచారు. 2011లో అపరిచితులను జతకూర్చే రెయిడ్ ఫైండర్ వచ్చి, గిల్డ్ (ఆటగాళ్ళ జట్టు) లేనివారిని కూడా లోపలికి రానిచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. 2014లో 90వ స్థాయికి ఒక్క గెంతున చేర్చే బూస్టును 60 డాలర్లకు దుకాణంలో పెట్టారు. అప్పుడు నాకు అన్నదమ్ముల పోలిక కనబడింది. వీధివాకిలికి తాళం వేసే పని అన్నది, పక్క సందులో మారుతాళంచెవులు అమ్మే కొట్టు తమ్ముడిది, ఇద్దరి గల్లాపెట్టే ఒకటే.

నా కాలం గురించి కూడా మనవి చేసుకోవాలి. 2010లో నేను మడివాళలో ఒక పీజీలో ఉండేదాన్ని. ముగ్గురం తెలుగువాళ్ళం ఒకే గదిలో, ఒకే కనెక్షన్ మీద, ఐరోపా సర్వరులో ఆడేవాళ్ళం. అక్కడ రాత్రి ఎనిమిదికి రెయిడ్ అంటే చలికాలంలో ఇక్కడ పన్నెండున్నర. తెల్లవారుజామున నాలుగింటికి రాక్షసుడు చస్తే, అల్లం టీ తాగి ఆఫీసుకు వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడు అమ్మాయి స్కూలు బస్సు ఏడూ పదికి వస్తుంది. ఆ తరవాత నేను ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు దాకా మొదటి గేరులో చేసేది కూడా గ్రైండే, అక్కడ ఎన్నేళ్ళు తిరిగినా స్థాయి పెరగదు. ఇంటికి చేరాక నాకు మిగిలేది గంటన్నర. ఆ గంటన్నరలో గంటా పది నిమిషాలు తోళ్ళకే పోతే, మిగిలిన ఇరవై నిమిషాల్లో లోకాన్ని ఎవరు కాపాడాలి?

అయినా ఒక అప్రియమైన నిజం ఒప్పుకోకపోతే నా లేఖ అబద్ధమవుతుంది. తమ పాత రోజుల్లో ఐదుగురిని కూడదీయడానికే గంట పట్టేది. ఆ గంటలో ఓడరేవు దగ్గర కూర్చుని చేసే పని లేక మాట్లాడుకునేవాళ్ళం. చెన్నై వేళచ్చేరిలో ఉండే విజయవాడ అమ్మాయి ఒకావిడ అలాగే పరిచయమై మా గిల్డ్‌కు పెద్ద అయింది. ఆవిడ పెళ్ళిలో మేము ఐదుగురం ఒకే వరసలో కూర్చుని, ఒకరినొకరు ఆటలోని పేర్లతో పిలుచుకుంటుంటే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వింతగా చూశారు. రెయిడ్ ఫైండర్ పుణ్యమా అని ఇప్పుడు నేను రెండు నిమిషాల్లో ఇరవై నలుగురు అపరిచితులతో కలిసి రాక్షసుడిని చంపుతున్నాను, ఒక్కరూ ఒక్క మాట కూడా మాట్లాడరు. లిఫ్టులో ఎక్కినవాళ్ళలా అందరూ పైకి చూస్తూ నిలబడి, తలుపు తెరుచుకోగానే వెళ్ళిపోతారు. తమరు పెట్టిన బాధకు ఈ ఒక్క ఫలం కాసిందని రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

అయితే దాన్ని అడ్డం పెట్టుకుని, మేము పడ్డ కష్టం కొత్తవాళ్ళూ పడాల్సిందేనని వాదించే తమ భక్తులను మాత్రం భరించలేను. నేను కోడలిగా పడ్డాను కాబట్టి నువ్వూ పడు అనే అత్తల పక్షం అది. నిజమైన అత్తగారు ఒకావిడ నా వెనక కుర్చీలోనే ఉన్నారు, ఆవిడ ఏనాడూ ఆ మాట అనలేదు.

తమరు లేకుండా ఇల్లు గడవదా అంటే, గడుపుతున్నవారు కొందరు ఉన్నారు. గిల్డ్ వార్స్ 2లో 2012 నుంచి ఇప్పటిదాకా ఎన్ని ఎక్స్‌పాన్షన్లు వచ్చినా అత్యున్నత స్థాయి 80 దగ్గరే ఆగి ఉంది. ఏడాది ఊరికి పోయి వచ్చినా పెట్టెలో పెట్టిన కవచం పనికొస్తుంది. అక్కడ కూడా 2015లో హార్ట్ ఆఫ్ థార్న్స్ ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు తమరు దొడ్డిదారిన దూరారు. కొత్త విద్య పూర్తిగా తెరవడానికి 400 పాయింట్లు అడిగారు, జనం అల్లరి చేస్తే 250కి దిగారు. ఫైనల్ ఫాంటసీ 14 నిర్మాత యొషిదా అయితే, చేసే పని లేనప్పుడు వేరే ఆటలు ఆడుకుని, కొత్త ప్యాచ్ (ఆటకు కొత్త చేర్పు) వచ్చినప్పుడు తిరిగి రమ్మని బాహాటంగానే చెప్పారు. అంతటి పెద్దమనిషి ఆటలోనూ కొత్త ఎక్స్‌పాన్షన్ గడప తొక్కాలంటే, డబ్బు కట్టి దాటితే తప్ప, పాత కథంతా నడిచి రావాలి. ఆ దారి మరీ సాగిందని 2020లో మొదటి భాగాన్ని కొంత కత్తిరించారు. కథ వేషంలో కూర్చున్నది తమరేనని అప్పటికి అందరికీ తెలిసిపోయింది.

నేను కోరేది తమ పదవీ విరమణ కాదు. అలిపిరి దగ్గర 3,550 మెట్లున్నాయి, పక్కనే ఘాట్ రోడ్డు మీద బస్సూ ఉంది. మెట్లెక్కేవారు పసుపూ కుంకుమా పెట్టుకుంటూ తమ ఇష్టంతో ఎక్కుతారు. కాళ్ళు పీకుతున్నాయని బస్సును ఆపమనరు. బస్సులో వెళ్ళినవారు మెట్లు తవ్వేయమనరు. తమరు ఆ మెట్ల దగ్గర ఉండండి. అరుదైన గుర్రం, వీపున వేసుకునే 99వ స్థాయి కేప్, పేరు ముందు బిరుదు, వీటన్నిటికీ కాపలా కాయండి, నేనే ఓపిక ఉన్నప్పుడు వచ్చి కనబడతాను. మిత్రులున్న గదిలోకి వెళ్ళే తలుపు దగ్గర మాత్రం నిలబడవద్దు. ఎక్కిన మెట్లను రెండేళ్ళకోసారి కిందికి లాగవద్దు.

ఇంకొక్క సంగతి. నా అవస్థ చూడలేక, పగలు నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆ తోళ్ళ పనేదో తానే చేసిపెడతానని మా అత్తగారు అన్నారు. మౌసు పట్టడం మా అమ్మాయి నేర్పింది. ఖాతా మరొకరికి ఇవ్వకూడదన్న నిబంధన నాకు తెలుసు, ఈ నేరం తమ మీదే వేస్తున్నాను. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే సంచీలో పన్నెండు తోళ్ళూ ఉన్నాయి. ఆవిడ ఇంకా ఎలుగుబంట్ల వెంట తిరుగుతూనే ఉన్నారు. పన్నెండు అయ్యాయి కదా అత్తమ్మా, చాలు అంటే, "రేపు మళ్ళా అడుగుతాడు గదా, నాలుగు ఎక్కువ తెచ్చి పెడితే నీకు తేలిక" అన్నారు. పన్నెండు దాటితే సంచీలోకి రావనీ, ఉన్నవి కూడా రేపటి లెక్కకు చెల్లవనీ నేను ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఆ మాట తమరే వచ్చి చెప్పుకోండి.

ఇట్లు,
తమ తిరగలి దగ్గర పదిహేనేళ్ళ సర్వీసు గల,
పింఛను లేని ఒక గృహస్థురాలు