అరచేతిలో సూర్యుడు

మాది విశాఖ. సముద్రంలోంచి పొద్దు పొడవడం చిన్నప్పటినుంచీ చూశాను గానీ, కుంగడం చూడలేదు. మాకది వెనక కొండల్లోకి పోతుంది. అందుకే అండమాన్‌లో పడమటికి తిరిగిన రాధానగర్ బీచ్‌కి పనిగట్టుకుని వెళ్లాను. డిసెంబరులో అక్కడ ఐదింటికే పొద్దు వాలుతుంది. ట్రైపాడ్ నిలబెట్టానో లేదో, ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సుకు ఆవిరి పట్టేసింది! చొక్కా అంచుతో తుడిచి తలెత్తేసరికి, సరిగ్గా నా ఫ్రేములో ఒకాయన చెయ్యి చాపి నిలబడ్డాడు. "కొంచెం కిందకి, ఇంకాస్త ఎడమకి" అని వాళ్లావిడ. సూర్యుణ్ణి అరచేతిలో పట్టుకోవాలట. అయ్యా, అక్కడ బింబం నీటిని తాకాక పూర్తిగా మునగడానికి పట్టేది సుమారు రెండున్నర నిమిషాలే! అందులో సగం ఆ చెయ్యికే పోయింది. మిగతా సగంలో వెనకనుంచి "భయ్యా, ఏక్ ఫోటో ప్లీజ్!" మొహమాటం కదా, తీశాను. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. కళ్లు మూసుకున్నానని ఇంకోటి. వాళ్ల ఫోన్లో సూర్యుడు భలే పడ్డాడు. నా కెమెరాలో మిగిలింది ఆ పెద్దమనిషి మోచెయ్యి, పక్కన ఆవిరి మరక.