యూనివర్సిటీ గేటు నుంచి కాలువ గట్టు దాకా

అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం పేరు ఏటా ఏప్రిల్ 14న మన కోనసీమ మైకుల్లో మారుమోగుతుంది. 2022లో జిల్లాకు ఆయన పేరు పెట్టబోతే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది, ఉపన్యాసాలూ పెరిగాయి. అదే కొలంబియాకు అనుబంధంగా ఉన్న టీచర్స్ కాలేజీలో 1973లో ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టారన్న సంగతి మాత్రం ఏ వక్తా చెప్పగా నేను వినలేదు. డెల్టాకు పనికొచ్చే కబురు అందులోనే ఉందని నా నమ్మకం.

దాని పేరు ఇన్‌స్టిట్యూట్ ఫర్ అర్బన్ అండ్ మైనారిటీ ఎడ్యుకేషన్. ఎందుకు పుట్టిందో తెలియాలంటే అది పుట్టిన చోటు చూడాలి. న్యూయార్క్‌లో కొలంబియా ఉన్నది మార్నింగ్‌సైడ్ హైట్స్ అనే మెరక మీద. పక్కనే నిట్రమైన వాలు, ఆ వాలులో ఒక పార్కు. మెట్లు దిగితే నల్లజాతి వాళ్లు ఉండే హార్లెం. 1968లో విశ్వవిద్యాలయం ఆ ప్రజా పార్కులోనే వ్యాయామశాల కట్టబోయింది. తన విద్యార్థులకు పైనుంచి ప్రధాన ద్వారం, హార్లెం వాళ్లకు కింది నుంచి వేరే ద్వారం, అది కూడా భవనంలో కొద్ది భాగానికే. పెరటి గుమ్మం అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఏప్రిల్‌లో విద్యార్థులు భవనాలు ఆక్రమించారు. వియత్నాం యుద్ధం మీద కోపమూ అందులో కలిసింది. పోలీసులు లోపలికి వచ్చి వందలమందిని పట్టుకుపోయారు. వ్యాయామశాల ఆగిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లకు ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. అది చూసే ఇది పెట్టారని నేను అనను. కాకపోతే మెట్ల కింద ఎవరున్నారో మరిచిపోవడం ఆ తర్వాత పైవాళ్లకు అంత తేలిక కాలేదు.

దాన్ని స్థాపించిన ఎడ్మండ్ గోర్డన్ 1921లో నార్త్ కెరొలైనాలో పుట్టిన నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్త. భార్య సూసన్ పిల్లల డాక్టరు. ఇద్దరూ కలిసి హార్లెంలో పిల్లల కోసం క్లినిక్ నడిపారు. అంటే పిల్లలను ఆయన మార్కుల జాబితాలో కాకుండా ముందు క్లినిక్ బల్ల మీద చూశాడు. 1965లో అమెరికా ప్రభుత్వం పేద పిల్లల కోసం హెడ్ స్టార్ట్ అనే బాలవిద్యా పథకం మొదలుపెట్టినప్పుడు, దాని పరిశోధన, మూల్యాంకనాలకు తొలి డైరెక్టర్ ఆయనే. మరుసటి ఏడాది వచ్చిన కోల్మన్ నివేదిక, పిల్లల చదువులో తేడాలకు బడి కంటే కుటుంబ నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది. ఆ మాట విని చాలామంది చేతులెత్తేశారు. గోర్డన్ దాన్ని తిరగేసి చూశాడు. ఇంట్లో, వీధిలో దొరికేదానికి అంత బలముంటే, కలిగినవాళ్ల పిల్లలకు అక్కడ దొరుకుతున్నది ఏమిటో కనిపెట్టి మిగతా పిల్లలకూ అందించవచ్చు కదా అన్నాడు. దానికి పెట్టిన పేరు సప్లిమెంటరీ ఎడ్యుకేషన్.

మన దగ్గర సప్లిమెంటరీ అంటే తప్పినవాళ్లు రాసే పరీక్ష! ఆయన దృష్టిలో అది గెలిచినవాళ్ల రహస్యం. అన్నం తినేటప్పుడు పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే మాటలు, గ్రంథాలయం, సంగీతం, ప్రయాణాలు, వేసవి శిబిరాలు, హోంవర్కు దగ్గర కూర్చునే ఒక పెద్ద మనిషి, ఇవన్నీ దానిలోకి వస్తాయి. బడి అందరికీ ఒకటే అయినా, బడి గంట కొట్టాక పిల్లలు చేరే లోకాలు వేరు. ఆ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాల పాటు ఈ రెండో లోకాన్ని లెక్కలోకి తెచ్చే పని పెట్టుకుంది. నగర పేదల చదువుపై దేశమంతటా వచ్చే పత్రాలను పోగుచేసి అందించే కేంద్రం కూడా చాలాకాలం ఆ కాలేజీలోనే నడిచింది.

ఇక మన ఊళ్లకు వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి డెల్టా అంటే పచ్చదనం, ధాన్యం, కొబ్బరి, ఇప్పుడు రొయ్యలు. ఈ పేరే ఇక్కడి పేద పిల్లలకు శాపం. వెనుకబాటు మీద అధ్యయనం చేయాలనుకున్నవాళ్లు రంపచోడవరం ఎక్కుతారు, లేదంటే ఉత్తరాంధ్రకో అనంతపురానికో వెళతారు. భీమవరంలో కాలువ గట్టు మీద ఉన్న ఇళ్లను, రాజమహేంద్రవరంలో రైలు పట్టాల వెంట ఉన్న వీధులను చూడటానికి ఎవరూ రారు. కలిగిన ప్రాంతంలో లేనివాడిగా ఉండటం వేరే కష్టం. జిల్లా సగటు బాగుంటే ఆ సగటు కింద ఎవరు నలిగినా కాగితం మీద కనబడరు.

ఒక్క ఇళ్ల సంగతే చూడండి. గట్లూ పుంతలూ ఖాళీ చేయించి టిడ్కో ఇళ్లకు (ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన అపార్టుమెంట్లు) పంపినప్పుడు, ఆ కుటుంబానికి పక్కా గోడ దొరికింది, మంచిదే. కానీ ఆ బ్లాకులు చాలాచోట్ల ఊరి చివర ఉంటాయి. మున్సిపల్ బడి పాత వీధిలోనే ఉండిపోయింది. తల్లి చేసే పాచిపని, తండ్రి నడిపే ఆటో స్టాండు కూడా పాత వీధి చుట్టూనే. ఐదో తరగతి పిల్లవాడు ఉదయం ఎటు వెళ్లాలి? 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించిన విధానం, తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోవడం, రెండూ ఇలాంటి పిల్లల మీదుగానే వెళ్లాయి. ‘నాడు–నేడు’లో బళ్లకు రంగులూ బల్లలూ మరుగుదొడ్లూ వచ్చాయి. కాదనను, చూసి సంతోషించాను. ఇల్లు మారితే బడి ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం గృహనిర్మాణ శాఖదీ కాదు, విద్యాశాఖదీ కాదు. ఇలా రెండు శాఖల సందులో పడిపోయే ప్రశ్నల కోసమే విశ్వవిద్యాలయం అనేది ఉండాలి.

‘మైనారిటీ విద్య’ అన్న మాట దగ్గర ఇంకో తిరకాసు ఉంది. మన వాడుకలో దానికి అర్థం మైనారిటీ యాజమాన్యం, ఆ కాలేజీలో సీట్లు, రాజ్యాంగంలోని 30వ అధికరణం, ఫీజులు. విద్యాహక్కు చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా యాజమాన్యాల హక్కు గురించే. ఇంత చర్చలో మైనారిటీ పిల్లవాడు ఎక్కడున్నాడు? 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక అతణ్ని వెతికింది. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. మదర్సాలకు వెళ్లేవాళ్లు నూటికి ముగ్గురో నలుగురో మాత్రమే. అంటే మిగతావాళ్ల మంచిచెడ్డలు మామూలు బడిలోనే తేలాలి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే కేంద్ర ఉపకార వేతనం 2022లో ఆగిపోతే మన పట్టణాల్లో ఎంతమంది మీద దాని దెబ్బ పడిందో చెప్పగల అధ్యయనం నా కంట పడలేదు.

క్రైస్తవుల విషయం మరీ చిక్కు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపిన నాటి నుంచి ఇక్కడ ప్రార్థనా మందిరం, బడి ఒకే ఆవరణలో పెరిగాయి. నరసాపురం లేసు అల్లిక కూడా ఆ మిషన్ ఇళ్లలోంచి బయటికి వచ్చిందే. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. మన రాష్ట్రంలో బీసీ–సి అవుతాడు. కాబట్టి ఆదివారం మందిరంలో కనిపించే పిల్లవాడు సోమవారం బడి రిజిస్టరులో ఏ గడిలో ఉంటాడో ఆ తల్లిదండ్రులు ఆచితూచి రాయించుకుంటారు. నేను వాళ్లను తప్పుపట్టను. కానీ రిజిస్టరును నమ్ముకుని ‘మైనారిటీ పిల్లలు ఇంతమంది’ అని లెక్క వేసేవాళ్లు డెల్టాలో సగం బొమ్మే చూస్తారు. అమెరికాలోనూ ‘అర్బన్’ అన్న మాట నల్లవాళ్లను పేరు పెట్టి పిలవకుండా సూచించే మర్యాద మాటగా మారిపోయింది. మన ‘మైనారిటీ’ కూడా అలాగే చెప్పేది కొంత, దాచేది కొంత.

కిందటి వేసవిలో ఒక పట్టణంలో, కాలువలు కట్టేసి నీళ్లు అడుగంటిన రోజుల్లో, గట్టు పక్క రేకుల షెడ్డులో సండే స్కూలు చూశాను. పదకొండేళ్ల పిల్ల లేచి నిలబడి 119వ కీర్తన మొదలుపెట్టింది. అందులో 176 వచనాలు ఉంటాయి. మధ్యలో వచ్చే ఆలెఫ్, బేత్, గీమెల్ అనే హీబ్రూ అక్షరాల శీర్షికలతో సహా, గ్రాంథిక తెలుగులో, ఒక్క విభక్తి తడబడకుండా అప్పజెప్పింది. నేను వింటున్నంతసేపూ చెల్లెలు ఆ పిల్ల గౌను కొస పట్టుకునే ఉంది. తర్వాత వాళ్లమ్మ చెప్పింది, బడిలో ఆ పిల్ల ‘వెనుకబడిన’ వరసలో ఉందట, తెలుగు వాచకం చదవలేదట. కంఠతా పట్టడం చదవడం కాదు, నిజమే. ఆ పిల్ల పుస్తకం తెరవలేదు కూడా. కానీ అంత జ్ఞాపకశక్తి, నలుగురి ముందు నోరు విప్పే ధైర్యం, పాఠ్యపుస్తకం కంటే కఠినమైన తెలుగు నోటికి అలవాటు కావడం, ఇవన్నీ చేతిలో ఉన్న పిల్లను ఆ వరసలో కూర్చోబెట్టిన బడికి ఈ రేకుల షెడ్డు సంగతే తెలియదు.

అదే పట్టణంలో మసీదు వీధి పిల్లవాడి రోజు ఇంకోలా ఉంటుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక అరబ్బీ చదువు, ప్రతి అక్షరానికీ గొంతులో స్థానం ఎక్కడో దిద్దించే చదువు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. బడిలో ఇచ్చే పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు ఇంటి పిల్లకు ఆ రెండు పేజీల్లో ఒకటి అమ్మ మాట. వీడికి రెండూ పరాయివే. ఉర్దూను రాష్ట్రానికి రెండో అధికార భాషగా 2022లో ప్రకటించారు, ఆ సంగతి వీడి సంచిలోకి ఇంకా రాలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లవాడి కథ మళ్లీ వేరు. ఇద్దరినీ ఒకే ‘మైనారిటీ’ గడిలో వేసి, ఒకే పథకం రాసి, ఫలితం రాలేదంటారు.

గోర్డన్ చెప్పిన రెండో లోకం మన దగ్గర లేకపోలేదు. కలిగినవాళ్లకు అది ట్యూషన్, కోచింగ్, ఒలింపియాడ్ మెటీరియల్ రూపంలో అంగట్లో దొరుకుతుంది. లేనివాళ్లకు సండే స్కూలు, మే నెలలో వీబీఎస్ అనే సెలవుల బైబిలు బడి, మసీదు అరుగు, రామాలయం భజన. మొదటిదాన్ని చదువు అంటాం, రెండోదాన్ని భక్తి అని పక్కన పెడతాం. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం లాంటి చోటు ఒకప్పుడు ఈ ఇద్దరికీ మధ్య వంతెన కాగలిగేది. ఇప్పుడు పట్టణ గ్రంథాలయాల్లో సాయంత్రం కనిపించేది పోటీ పరీక్షల కుర్రాళ్లు, పేపరు చదివే పింఛనుదారులు.

మన చేతిలో ఉన్నవి తక్కువేమీ కావు. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజానగరం దగ్గర హైవే పక్కన ఉంది. దాని కింద ఉభయ గోదావరి జిల్లాల బీఈడీ కాలేజీలు ఉన్నాయి. 2015 నుంచి బీఈడీ రెండేళ్ల చదువు, రెండో ఏడాది పదహారు వారాలు బడిలో గడపాలి. ఆ పదహారు వారాల్లో ఎక్కువ భాగం దేనికి పోతుందో శిక్షణ పొందినవాళ్లను అడిగితే నవ్వుతూ చెబుతారు: రికార్డులు. పాఠ్య పథకాలు అందంగా రాయడం, అట్టలు వేయడం, చార్టులు, చాలాసార్లు దుకాణంలో కొన్నవే. ఒక్కొక్క ఛాత్రోపాధ్యాయుడు ఒక వీధిని తీసుకుని, అందులోని పదిమంది పిల్లలు బడి గంట తర్వాత ఎక్కడికి వెళుతున్నారో, ఏ భాషలో ఏం నేర్చుకుంటున్నారో రాసి ఇస్తే, ఆ రికార్డులన్నీ ఒకచోట చేరితే, డెల్టా పట్టణాల గురించి ఇవాళ ఎవరి దగ్గరా లేని పుస్తకం తయారవుతుంది. దానికి కోట్ల నిధులు అక్కర్లేదు. నలుగురు అధ్యాపకులు, ఒక గది, పత్రాలు పోగుచేసే ఓపిక చాలు. హార్లెం పేదరికాన్ని ఆ ఇన్‌స్టిట్యూట్ తుడిచేయలేదు, మన దాన్ని ఇదీ తుడిచేయదు. ఆ పిల్ల పేరు పక్కన ‘వెనుకబడినది’ అని రాసే ముందు ఉపాధ్యాయుడి చెయ్యి ఒక్కసారి ఆగుతుందేమో.

ఒక్కటే ఇబ్బంది. అరబ్బీ చదువు సూర్యోదయానికి ముందే మొదలై బడి వేళకు ముగిసిపోతుంది, సండే స్కూలు ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు ఉంటుంది. ఆ వేళల్లో హాజరు వేసే రిజిస్టరు ఏ బీఈడీ కాలేజీలోనూ నేను చూడలేదు.