పదిహేను పనుల పెద్దమనిషికి ఒక లేఖ

మహారాజశ్రీ మల్టీటూల్ గారి సముఖానికి,

హన్మకొండ నుంచి తమ యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మిక్సీ కూడా క్షేమమే. అది మొదటి నుంచీ క్షేమంగానే ఉందన్న సంగతి మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

చాకు, పట్టి గుంజే పకడు, కత్తెర, స్క్రూడ్రైవర్ అన్నీ ఒక్క ఒంట్లో మడతపెట్టుకుని తమరు మా ఇంట్లో అడుగుపెట్టి ఐదు నెలలు. అంతకు ముందు మూడు నెలలు తమను ఎంచుకోవడానికే పోయాయి. మా పెళ్లిచూపులు ఇరవై నిమిషాల్లో ముగిశాయని మా ఆవిడ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటుంది. నిజమే. ఆమె బరువెంత, మడతపెడితే పొడవెంత అని నేను అడగలేదు. తమ విషయంలో మాత్రం రోజూ రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పట్టుకుని అదే పని. విక్టోరినాక్స్ వారి 58 మిల్లీమీటర్ల బుజ్జి చాకు తాళాల గుత్తిలో ఒదిగిపోతుంది, కానీ పకడు లేదు. 91 మిల్లీమీటర్ల వాటిలో రంపం ఉన్నవీ దొరుకుతాయి, కానీ చాకుకు లాక్ ఉండదు, చెయ్యి జారితే వేళ్ల మీదికే మడుచుకుంటుంది. లెదర్‌మ్యాన్ వారి వేవ్ ప్లస్‌లో లాక్ ఉంది, చాకు ఒంటిచేత్తో తెరుచుకుంటుంది, కానీ 241 గ్రాములు. పావుకిలో ఎల్లిగడ్డ జేబులో వేసుకుని తిరిగినట్టే. అదే ఇంటి స్కెలిటూల్ 142 గ్రాములే, దానికేమో కత్తెర లేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. ప్రతి దానికీ ఒక వంక దొరికింది, ఆ వంక దొరికిన ప్రతి రాత్రీ నాకు హాయిగా నిద్రపట్టింది. ఇప్పుడు అనిపిస్తోంది, కొనడం కంటే ఎంచుకోవడమే బాగుంది.

చివరికి తమ దగ్గర ఆగాను. తమ ఇంటిపేరు ఇక్కడ రాయను, పెద్దల పరువు మనకెందుకు. ఆరువేల చిల్లర. డబ్బా మీద పదిహేను పనిముట్లని రాసి ఉంది. ఇంటికొచ్చి లెక్కపెడితే పన్నెండే తేలాయి. తాళాల రింగు ఒకటి, సీసా మూత తీసే కొక్కెం ఒకటి, ఆ కొక్కెం అంచు మళ్లీ ఇంకొకటట. చిన్నప్పటి నుంచి వెయ్యి స్తంభాల గుడి చుట్టూ తిరిగినవాణ్ణి, ఇలాంటి లెక్కలు గుచ్చి గుచ్చి అడగకూడదని తెలుసు. ఊరుకున్నాను.

తమ స్విస్ దాయాదుల గురించి కూడా ఒక మాట. 1897లో విక్టోరినాక్స్ మూలపురుషుడు కార్ల్ ఎల్స్‌నర్ గారు ఆఫీసర్ల కోసం చేసిన చాకులో కార్క్ తీసే మెలికల సూది పెట్టారు. ఇన్నేళ్లయినా దాన్ని వదల్లేదు. మా వైపు కల్లు లొట్టిలో వస్తుందండీ, దానికి కార్క్ ఉండదు. ముప్పై మూడు పనుల స్విస్‌చాంప్‌లో చేప పొలుసు గీసే పలక కూడా ఉంది. మృగశిర కార్తె నాడు చేపల మార్కెట్‌లో కత్తిపీట ముందు కూర్చున్న అమ్మకు దాన్ని చూపిస్తే ఏమంటుందో నేను రాయలేను, ఇది నలుగురూ చదివే ఉత్తరం.

టిమ్ లెదర్‌మ్యాన్ గారి కథ చదివి మాత్రం కళ్లు చెమర్చాయి. 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే కారు మొరాయించడం, హోటల్ గదుల్లో పైపులు కారడం. జేబులో చాకు ఉంది, పకడు లేదు. ఇంటికెళ్లి ఆ రెంటినీ కలిపే పనిలో పడ్డారాయన. కంపెనీ పెట్టేసరికి 1983 వచ్చింది. ఎనిమిదేళ్లు! ఆ మహానుభావుడి తపస్సు ముందు నా మూడు నెలలు ఎంత అనుకున్నాను. ఆయనకు పాడైంది కారు, పైపు. మిక్సీ కాదు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

వరంగల్ చౌరస్తాలో హార్డ్‌వేర్ షాపాయనకు తమను చూపిస్తే చేతిలో ఓసారి తూచి చూసి, "మంచిగున్నదన్నా. గని దీంట్ల పది నంబర్ పానా ఏది?" అన్నాడు. నిజానికి బండి నడిపేవాడికి కావలసింది అదే. తమలో లేదు. పకడుతో నట్టు పట్టుకుంటే నట్టు మూలలు అరిగిపోతాయని కూడా ఆయనే చెప్పాడు. షాపాయనకు అసూయ అనుకున్నాను.

ఇంట్లో అసలు పోటీ మా అమ్మ పుస్తెలతాడుకు వేలాడే పిన్నీసులు. మూడో నాలుగో ఉంటాయి. లంగాలోకి నాడా ఎక్కించడం, ఫోన్‌లో సిమ్ ట్రే బయటికి నెట్టడం, వేలిలో ఇరుక్కున్న చీలిక తీయడం, తెగిన చెప్పుకు ఇల్లు చేరేదాకా ప్రాణం పోయడం. తమరు ఇంకా బెల్టు సంచిలోంచి బయటికి రాకముందే అమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్తుంది, పని అయిపోతుంది. ఈ ఐదు నెలల్లో నేను "ఉండమ్మా, నా దగ్గర ఉంది" అన్న ప్రతిసారీ అమ్మ, "అయిపాయె బిడ్డా" అంది.

ఇక ఆదివారం సంగతి.

అక్కా బావా వచ్చారు. నాటుకోడి తెచ్చాం. మసాలాకని అమ్మ కుడుక ముక్కలు మిక్సీలో కాస్త నిండుగానే వేసింది. అది రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. అమ్మ రోలు వైపు చూసింది. నేను అందరికంటే ముందు లేచి, "జరగండి" అన్నాను. ఆ ఒక్క మాట అనడం కోసం నేను ఐదు నెలలు కాచుకుని ఉన్నానని తమకు తెలుసు.

ప్లగ్గు తీసి మిక్సీని బోర్లా పడుకోబెట్టాను. రబ్బరు కాళ్ల లోపల వేలెడు లోతు రంధ్రాల్లో నాలుగు స్క్రూలు. తమ స్క్రూడ్రైవర్ తెరిచాను. బొటనవేలంత పొడవు. దాని వెనకాలే తమ దేహం గోడలా అడ్డం. రంధ్రం చిన్నది, తమరు పెద్దవారు. స్క్రూ కనిపిస్తోంది, తమకు అందడం లేదు. పక్కకు వంచి చూశాను. సన్నమూతి పకడు దింపాను, అది లోపలికి పోయింది కానీ లోపల నోరు తెరవడానికి చోటు లేదు. దబ్బనం లాంటిది ఒకటుంటే దానితో పొడిచాను. ఆకురాయి అంచు పెట్టాను, ఎందుకో నాకే తెలియదు. ఆఖరికి చాకు మొన పెట్టి బలంగా తిప్పితే, వేములవాడ పోకుండానే స్క్రూకు గుండయింది. బావ టీవీ గొంతు తగ్గించి, "ఏం బామ్మర్దీ, ఇయ్యాల తింటమా?" అన్నాడు.

ఇక్కడితో తమరు గిమరు అయిపోయింది. నువ్వసలు స్క్రూడ్రైవర్‌వేనా? మూడు నెలలు నీ గురించి చదివాను. స్టీలు పేరు చదివాను. నీ లాక్ ఎటు వంగుతుందో చదివాను. స్క్రూ లోపలికి ఉంటే నీకు అందదన్న ముక్క నాకెందుకు కనపడలేదు? మన ఇళ్లలో స్క్రూలు ఎక్కడుంటాయి? మిక్సీ అడుగున, కూలరు వెనకాల, పిల్లల బొమ్మ కారు పొట్టలో. అన్నీ లోతులోనే. పైకి తేలి, ఎండకు కాగుతూ, నీ కోసం ఎదురుచూసే స్క్రూ ఒక్కటైనా చూపించు! నీ ఒళ్లంతా ఇనుము, పిడికి ఇంత ప్లాస్టిక్ తొడుగు లేదు, కాబట్టి స్విచ్ బోర్డు దగ్గరికీ రానివ్వలేను. నిన్ను తెరవబోతే నా గోరు విరుగుతుంది. సినిమా హాలు గేటు దగ్గర నిన్ను చూసి నన్ను దొంగలా నిలబెడతారు, ఇంటర్వెల్ దాకా సెక్యూరిటీ టేబుల్ మీద నువ్వున్నావో లేదో అని టెన్షన్.

నాన్న అప్పుడు లేచారు. ఏమీ అనలేదు, అదే బాధ. గోడకు కొట్టిన మేకు నుంచి టెస్టర్ తీసుకొచ్చారు. ఆజంజాహి మిల్లులో పనిచేసిన రోజుల్లో కొన్నది. మిల్లు మూతపడింది, టెస్టర్ ఇంకా డ్యూటీ చేస్తోంది. జానెడు పొడవు, సన్నటి కడ్డీ, చదును మొన. ప్లస్ స్క్రూలో చదును మొన పట్టదని నీ వాళ్లంతా రాస్తారు. మూడు స్క్రూలు మూడు నిమిషాల్లో వచ్చాయి. పైగా అందులో చిన్న బుడ్డి బల్బు వెలిగి కరెంటు ఉందో లేదో కూడా చెబుతుంది. నీ పదిహేను పనుల్లో అది ఉందా?

నాలుగోది నేను గుండు చేసింది. అది నాన్నకూ రాలేదు. అక్క ఇక ఆగలేక మిక్సీ మెకానిక్‌కు ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది, అందరూ విన్నారు.

"అక్కా, కింద ఎర్ర బటన్ ఉంటది సూడు. లోడ్ ఎక్కువైతే అదే బయటికొస్తది. ఒత్తిండ్రా?"

ఎర్ర బటన్. ఉంది. స్క్రూలకు నాలుగు వేళ్ల దూరంలో. రెండు గంటల సేపు దాని పక్కనే నీ మొద్దుమూతి తిప్పుతూ కూర్చున్నాను నేను. అది ఏదో మూత అనుకున్నాను. అక్క వేలితో నొక్కింది. టక్ మంది. మిక్సీ తిరిగింది. "పైసలేం వద్దక్కా" అని మెకానిక్ ఫోన్ పెట్టేశాడు.

నువ్వు జేబులో లేకపోతే నేను ముందు ఆ బటనే చూసేవాణ్ణి. ఒట్టు. నిన్ను కొన్నప్పటి నుంచి నాకు లోకంలో స్క్రూలు తప్ప ఏమీ కనిపించడం లేదు. అన్నం తినేసరికి నాలుగున్నర అయింది. బావ ప్రతి ముక్కకూ, "టైట్ ఉన్నదో లేదో సూడు బామ్మర్దీ" అంటూనే తిన్నాడు.

అబద్ధం చెప్పను. ఈ ఎండాకాలం ఊళ్లో మక్క చేను గట్టు మీద అక్క బిడ్డ చెప్పులోకి తుమ్మ ముల్లు దిగితే, అడుగున కొసరంత తేలింది. నా గోళ్లకు దొరకలేదు, అమ్మ పిన్నీసుకూ లొంగలేదు. నీ సన్నమూతి పకడు పట్టి ఒక్క గుంజు గుంజితే వచ్చింది. పిల్ల అదే చెప్పులతో పరుగెత్తింది. ఆ రోజు నిన్ను నూనె గుడ్డతో తుడిచి మడతపెట్టాను. దానికీ ఆదివారానికీ చెల్లు అనుకుందామా అంటే, ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు.

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ కాజీపేట దాకా పోయాక జేబు తడుముకుంటే నువ్వు లేవు. వెనక్కి వచ్చాను. వంటింట్లో ఉన్నావు, కత్తెర తెరుచుకుని, పాల చుక్కలతో. "గీ కత్తెర మస్తుగున్నది రా, ప్యాకెట్ ఒక్కటే దెబ్బకు తెగుతున్నది. ఈడనే ఉండనీ" అంది అమ్మ. ఐదు నెలల్లో ఆమె నిన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. పాలు కోసిన వెంటనే కడిగి ఆరబెట్టమ్మా, లేకపోతే కీలు దగ్గర తుప్పు పడుతుంది అని మాత్రం చెప్పి వచ్చేశాను.

నాన్న టెస్టర్ ఇప్పుడు నా బ్యాగులో ఉంది. ఆయనకింకా తెలియదు. నువ్వు చెప్పకు.

ఇట్లు,
మూడు స్క్రూల మిక్సీ యజమాని,
హన్మకొండ