క్యూబిజం ఐన్‌స్టీన్ ఇచ్చింది కాదు, పికాసో ఒక్కడిదీ కాదు

క్యూబిజం అంటే వస్తువును పలకలు పలకలుగా విడగొట్టి, ఒకేసారి చాలా వైపుల నుంచి చూసినట్టు వేసే చిత్రకళా పద్ధతి. దాని గురించి ఒక కథ ఎప్పుడూ ఎక్కడో ఒకచోట షేర్ అవుతూనే ఉంటుంది. సారాంశం ఇది: 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం వచ్చింది, అది చదివి పికాసో కాలాన్ని కూడా బొమ్మలోకి తేవాలనుకున్నాడు. 1907లో 'అవిన్యోన్ అమ్మాయిలు' వేసి ఒక్కడే క్యూబిజాన్ని పుట్టించాడు. అందులో ముఖాలు ఆఫ్రికా ముసుగులకు కాపీ. సరిగ్గా గీయడం రానివాళ్లకు ఆ తర్వాత ఇదొక దొడ్డిదారి అయింది.

చదవడానికి బాగుంటుంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కానీ ఒక్కో ముక్కా పట్టుకుని చూస్తే ఇందులో నిలబడేది చాలా తక్కువ. పైగా ఈ కథలో జార్జ్ బ్రాక్ అనే చిత్రకారుడి ఊసే లేదు. నా బాధ ముఖ్యంగా అదే.

ముందు ఐన్‌స్టీన్ సంగతి. 1905 నాటి ఆ వ్యాసం జర్మన్ భౌతికశాస్త్ర పత్రికలో వచ్చింది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నది కొద్దిమంది శాస్త్రవేత్తలే. కాలాన్ని నాలుగో కొలతగా కలిపి గణితవేత్త మింకోవ్‌స్కీ ప్రసంగించింది 1908లో. ఐన్‌స్టీన్ పేరు మామూలు జనం నోళ్లలో పడింది 1919లో, సూర్యగ్రహణం పరిశీలనల ఫలితాలు బయటికొచ్చాక. అప్పటికి పికాసో, బ్రాక్ కలిసి పనిచేయడం ఆపేసి ఐదేళ్లయింది.

మరి పారిస్ చిత్రకారులు నాలుగో కొలత గురించి మాట్లాడుకోలేదా? మాట్లాడుకున్నారు. ఈ ప్రచారానికి మూలం అక్కడే ఉంది. వాళ్ల స్నేహితుల్లో మారిస్ ప్రాన్సే అనే గణితం తెలిసిన మనిషి ఉండేవాడు, బీమా లెక్కలు చూసేవాడు. గణితవేత్త పొయాంకరే 1902లో రాసిన పుస్తకం, నాలుగు కొలతల జ్యామితి మీద 1903లో జూఫ్రే రాసిన పుస్తకం అప్పటికే అందుబాటులో ఉన్నాయి. అయితే ఆ జ్యామితిలో నాలుగోది కాలం కాదు. పొడవు, వెడల్పు, ఎత్తులకు తోడు మన కంటికి అందని మరో దిశ. ఆ మాటల్ని మెట్సింగర్ లాంటి క్యూబిస్టు చిత్రకారులు ఇష్టపడ్డారు. పికాసో మాత్రం 1923లో, గణితం, రసాయనశాస్త్రం, మనోవిశ్లేషణ అన్నీ తెచ్చి క్యూబిజానికి అంటగట్టారనీ అదంతా అర్థం లేని వ్యవహారమనీ తేల్చిపారేశాడు. 1946లో ఒక కళాచరిత్రకారుడు క్యూబిజానికీ సాపేక్ష సిద్ధాంతానికీ ముడిపెడుతూ వ్యాసం రాసి పంపితే, ఆ కొత్త చిత్రభాషకూ తన సిద్ధాంతానికీ పొంతన లేదని ఐన్‌స్టీనే జవాబిచ్చాడు. ఇటు చిత్రకారుడు, అటు శాస్త్రవేత్త ఇద్దరూ కాదన్న చుట్టరికం ఇది.

ఇక 'ఒక్కడే పుట్టించాడు' అనే మాట. 'అవిన్యోన్ అమ్మాయిలు' గొప్ప బొమ్మే, కానీ అది పికాసో స్టూడియోలోనే ఉండిపోయింది, జనం ముందుకు 1916లో గానీ రాలేదు. 1907లో పారిస్ చిత్రకారుల్ని కుదిపేసింది వేరే సంఘటన. అంతకుముందు ఏడాది చనిపోయిన సెజాన్ చిత్రాలతో ఆ శరదృతువులో పెద్ద ప్రదర్శన పెట్టారు. బల్ల ఒక వైపు నుంచి, దాని మీది గిన్నె ఇంకో వైపు నుంచి చూసినట్టు వేయడం, కొండనీ ఇంటినీ పలకలు పలకలుగా కట్టుకుంటూ పోవడం, ఇవన్నీ సెజాన్ అప్పటికే చేసి చూపించాడు.

ఆ పాఠం బాగా ఒంటబట్టించుకున్నవాడు బ్రాక్. 1908 వేసవిలో, అంతకుముందు సెజాన్ బొమ్మలు వేసిన ఎస్తాక్ అనే దక్షిణ ఫ్రాన్స్ ఊరికి వెళ్లి, తలుపులూ కిటికీలూ లేని ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వేశాడు. దూరంగా ఉన్నవి వెనక్కి పోవు, మనవైపే తోసుకొస్తాయి. పారిస్‌లో ఏటా శరదృతువులో జరిగే పెద్ద ప్రదర్శనకు పంపితే జ్యూరీ తిప్పికొట్టింది. నవంబరులో కాన్‌వైలర్ అనే బొమ్మల వ్యాపారి తన చిన్న గ్యాలరీలో వాటిని పెట్టాడు. బ్రాక్ అన్నిటినీ క్యూబులుగా మార్చేస్తున్నాడని లూయీ వొసెల్ అనే విమర్శకుడు పత్రికలో రాశాడు. క్యూబిజం అనే పేరు ఆ ఎత్తిపొడుపు నుంచే పుట్టింది. పికాసో పెట్టిందీ కాదు, పికాసో బొమ్మల్ని చూసి పెట్టిందీ కాదు.

అక్కడి నుంచి 1914 ఆగస్టులో బ్రాక్ యుద్ధానికి వెళ్లేదాకా అతనూ పికాసో ఇద్దరూ ఒకరి స్టూడియోకి ఒకరు వెళ్తూ, ఒకరి బొమ్మను ఒకరు పరీక్షిస్తూ పనిచేశారు. కొన్నాళ్లు కాన్వాసు ముందు వైపు సంతకం కూడా మానేశారు. బ్రాక్ తండ్రిది ఇళ్లకు రంగులు వేసే పని, కొడుక్కీ అదే నేర్పాడు. ఆ పనితనమే క్యూబిజంలోకి వచ్చింది. 1911లో 'పోర్చుగీసువాడు' బొమ్మ మీద స్టెన్సిల్ అక్షరాలు అచ్చేసింది బ్రాకే. గోడ మీద చెక్క గీతలు వచ్చేలా పెయింటర్లు తడి రంగులో లాగే దువ్వెనను పికాసోకి చూపించింది కూడా అతనే. పికాసో ఆ దువ్వెనతో 1912లో 'కవి' బొమ్మకు జుట్టూ మీసమూ దువ్వాడు. 1912 సెప్టెంబరులో చెక్క డిజైను వాల్‌పేపరు ముక్కలు అంటించి, బొగ్గుతో గీసి, మొదటి కాగితపు అతుకుల చిత్రం చేసింది బ్రాక్. సామాన్య జనానికైతే 1911లో స్వతంత్ర చిత్రకారుల ప్రదర్శనలో, 41వ గదిలో పరిచయమైన క్యూబిస్టులు మెట్సింగర్, గ్లేజ్, లెజే, దెలోనే వగైరా. ఆ గదిలో పికాసో బొమ్మ ఒక్కటీ లేదు.

గీయడం రాకపోవడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. పికాసో తండ్రి డ్రాయింగ్ మాస్టారు. 1897లో, పదిహేనేళ్లకే, రోగి మంచం పక్కన డాక్టరు నాడి చూస్తున్న 'సైన్సు, దయ' అనే పెద్ద చిత్రం వేశాడు. బార్సిలోనా మ్యూజియంలో ఉంది, దుప్పటి మడతలు చూస్తే చాలు. బ్రాక్ అయితే 'వయొలిన్, కూజా' చిత్రంలో అన్నిటినీ పగలగొట్టినట్టు వేసి, పైన ఒకే ఒక్క మేకును నీడతో సహా నిజమైనదే అనిపించేలా వేశాడు. ఆ పద్ధతి నాకూ వచ్చు, అదొక్కటే పద్ధతి కాదు అని చూసేవాడికి చెప్పడమే అది.

చివరిగా ఆఫ్రికా ముసుగులు. ఇందులో నిజం ఉంది. 1907లో పికాసో పారిస్‌లోని ట్రొకాదెరో మ్యూజియంలో ఆ శిల్పాల్ని చూసి చలించిపోయాడు, 'అవిన్యోన్ అమ్మాయిలు'లో కుడివైపు ఇద్దరి ముఖాల్లో ఆ ముద్ర కనిపిస్తుంది. మిగతా ముఖాల్లో స్పెయిన్‌లోని పురాతన ఐబీరియన్ శిల్పాల పోలికలున్నాయి. కానీ కాపీ అని కొట్టిపారేస్తే అసలు విషయం చేజారిపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని గ్రెబో ముసుగుల్లో కళ్లు గుంటలుగా ఉండవు, ముందుకు పొడుచుకొచ్చిన గొట్టాలుగా ఉంటాయి. లోతుగా ఉండేదాన్ని ఎత్తుగా చూపినా మనం కన్ను అనే చదువుకుంటాం. పికాసో దగ్గర అలాంటి ముసుగు ఉండేది. 1912లో అట్టముక్కలతో గిటారు చేసినప్పుడు దాని మధ్య రంధ్రాన్ని అలాగే బయటికి పొడుచుకొచ్చిన గొట్టంగా పెట్టాడు. ఆ గిటారుకు ముసుగు పోలికే లేదు, కానీ అందులోని ఆలోచన గ్రెబో శిల్పిదే. ఈ సంబంధాన్ని ఎత్తిచూపి రాసింది వాళ్ల బొమ్మలు అమ్మిన కాన్‌వైలరే.