శాలువా ఒక్కరోజు, సాధన కూలి ఏడాదంతా

ఉత్తరాంధ్రలో జానపద నృత్యాల కోసం సంస్థ పెట్టగానే మొదట ఉత్సవం చేస్తారు. వేదిక, ఫ్లెక్సీలు, అతిథుల భోజనాలు, ఆఖర్న కళాకారుడికి శాలువా. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తప్పెటగుళ్లు (గుండెకు రేకు తప్పెట కట్టి పాడుతూ ఆడే నృత్యం), తూర్పు భాగవతం (మద్దెల దరువు మీద ఆడే నృత్యనాటకం) జట్లకు వేదికల కొరత కన్నా పెద్ద కష్టం సాధనకు కూర్చుంటే ఆ రోజు కూలి పోవడం. లాభాపేక్ష లేని సంస్థ ముందు ఆ కూలి ఇవ్వాలి.

లెక్క పెద్దదేం కాదు. పదహారు మంది జట్టుకు రోజుకు 500 చొప్పున పది రోజులకు 80,000 రూపాయలు. ఒక్క సాయంత్రం సౌండు, లైట్లు, పందిరికే అంత అయిపోతుంది. రోజులు ఎంచుకోవడంలోనే తెలివి ఉండాలి. చెన్నై, హైదరాబాద్ భవన నిర్మాణ పనులకు వలస పోయిన కుర్రాళ్లు సంక్రాంతికి ఊరొస్తారు, కనుమ దాటగానే బస్సెక్కేస్తారు. కూలి ఇచ్చి వాళ్లను ఆపాలంటే ఆ పది రోజులూ కనుమ మర్నాటి నుంచే మొదలు కావాలి. జూన్‌లో శిబిరం పెడితే వచ్చేది ముసలివాళ్లే.

కలిసి ఆడకుండా తప్పెటగుళ్ల విద్య రాదు. గుండెకు కట్టిన రేకు తప్పెటను రెండు చేతులా వాయించాలి, కాలి గజ్జె అదే దరువులో పలకాలి, గురువు పాడిన చరణానికి వంత అందుకోవాలి. చేయి కుదిరినవాడికి అడుగు తప్పుతుంది, అడుగు కుదిరితే వంత జారిపోతుంది. సభల్లో పది నిమిషాలే ఇస్తే భుజాలెక్కి నిలబడే విన్యాసాలే మిగులుతాయి, పాటలో చెప్పే గంగమ్మ కథ పోతుంది. అందుకే ప్రదర్శన ఒప్పుకునే ముందే కనీసం 45 నిమిషాలు కావాలని సంస్థ రాయించుకోవాలి. గురువుకు కాలర్ మైకు చాలు. తప్పెటల ముందు మైకు పెడితే పాట ఒక్క ముక్కా వినపడదు. సిమెంటు వేదిక మోకాళ్లను తినేస్తుంది. తడిపి దిమ్మిస కొట్టిన మట్టి నేల అడగాలి.

తూర్పు భాగవతానిది మరో అవసరం. దాని ప్రాణం మద్దెల జతుల్లో, అంటే దరువుల అక్షర వరుసల్లో ఉంది. 1919 నుంచి ఉన్న సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది కాబట్టి, మృదంగ విద్యార్థులను కూర్చోబెట్టి ఆ జతులు రాయించడం సులువు. రాసినందుకు విద్యార్థికీ, వాయించినందుకు మద్దెలగాడికీ డబ్బివ్వాలి.

ఇక ఈ పాటలతో సమాజంలో మార్పు తేవడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుపై పాట కట్టమని జట్లను అడిగేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. నీళ్లదే తప్పనో, పురుగుమందుదే తప్పనో గురువు నోట పలికిస్తే ఊరు నమ్మేస్తుంది, ఎందుకంటే ఆయన మాటకు అక్కడ అంత విలువ. పాటలో తేలిన సంగతులే ఉండాలి: ఒళ్లు నొప్పులకు దుకాణంలో బిళ్లలు కొని ఇష్టం వచ్చినట్టు మింగొద్దు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి, పలాసలో 2023 డిసెంబర్‌లో తెరిచిన కిడ్నీ ఆస్పత్రికి వెళ్లాలి. సాహిత్యాన్ని ముందు డాక్టరు చదవాలి, తర్వాత గురువు తన బాణీలోకి మార్చుకోవాలి. అధికారుల నినాదాలను అలాగే అప్పజెప్పిస్తే జనం లేచిపోతారు. రాత్రి ఆడి మోకాళ్లు పట్టేసిన ఆటగాడికీ ఆ బిళ్లల హెచ్చరికే వర్తిస్తుంది, కాబట్టి చెప్పడం జట్టుతోనే మొదలవ్వాలి.

సంస్థ నమోదుకు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు చాలు. చిక్కంతా ఆ ఏడుగురు ఎవరన్న దగ్గరే. ఒకే ఇంటివాళ్లయితే కళాకారులకు ఖాళీ వోచర్ల మీద వేలిముద్రలే మిగులుతాయి. కనీసం నలుగురు ఆడే జట్ల నుంచి రావాలని, వారిలో ఒకరి సంతకం లేకుండా చెక్కు చెల్లదని నిబంధనావళిలోనే రాసుకోవాలి. విరాళాలకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు (80జీగా పేరుపడింది) సంస్థకు ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు ఆ మినహాయింపు రాదు. బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. కూలి కూడా గురువు చేతికి మొత్తంగా కాకుండా ఎవరి ఖాతాలో వారికి వేయాలి. అలా వేసిన నెలలో జట్టు జాబితాను మొత్తాలతో సహా రామకోవెల గోడకు అంటిస్తే, రానివాళ్ల పేర్లు ఎక్కాయో లేదో ఊరే పట్టేస్తుంది.